మహానందికి అమ్మ తెచ్చిన ఉత్త డబ్బా

ఈసారి మహానందికి దేవుడి కోసం వెళ్లానంటే అబద్ధం. అక్కడి హోటల్ ఉగ్గాని కోసం వెళ్లాను. ఆత్మకూరులో మాది చిన్న కిరాణా అంగడి. నాన్నకు అంగడి అప్పగించి ఏటా ఒకసారి అమ్మా నేనూ మహానందికి వెళ్తాం. అమ్మ పద్ధతి ఒకటే: బొరుగుల ఉగ్గాని ఇంటి నుంచి స్టీలు డబ్బాలో వస్తుంది, హోటల్లో కొనేది మిరపకాయ బజ్జీలు మాత్రమే. బొరుగులు తడిపి పోపు వేసినందుకు ఎవరైనా డబ్బులిస్తారా అని ఆమె వాదన. అందరికీ వేడివేడిగా వడ్డించి తను చల్లారింది తినే ఈ మనిషికి ఒక్కసారైనా ఇంకెవరో వడ్డిస్తుంటే చూడాలని నా కోరిక. ఏటా అడుగుతాను, ఏటా ఓడిపోతాను.

పొద్దున ఆరింటి బస్సెక్కితే ఎనిమిది లోపు నంద్యాల చేరతారు. అక్కడి నుంచి మహానందికి ఇంకో బస్సు, అరగంట పైచిలుకు. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే కాబట్టి ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి. అమ్మ ఆ సున్నా టికెట్టును కూడా మడిచి పర్సులో దాచింది. ఒళ్లో డబ్బా, దాని మీద రెండు చేతులు. ఆమెను ఎలా ఒప్పించాలా అని దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

కోనేటి నీళ్లు అడుగున పడ్డ రూపాయి కనిపించేంత తేటగా ఉన్నాయి. మునిగి, దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి పది దాటింది. రేకుల షెడ్డు హోటల్లో కూర్చుని నేను నోరు తెరిచేలోపే అమ్మ డబ్బా మూత తీసింది. లోపల ఏమీ లేదు.

"పోయినేడు మూతి ముడుచుకోని తింటివి. నాకు తెలీదనుకుంటివా? రెండు ప్లేట్లు చెప్పు" అంది.

ప్లేట్లు వచ్చాయి. అలవాటు కొద్దీ నాకు నీళ్లు పోయడానికి అమ్మ లేచింది. వంటామె చెంబు అందుకుని, "నువ్వు కూచో పెద్దమ్మా, నేను పోస్తా" అంది. అమ్మ కూర్చుంది. ఉప్పు తగ్గిందని, పప్పుల పొడి మాత్రం బాగుందని నాకొక్కదానికే వినపడేలా చెబుతూ, వేడి తగ్గకముందే ప్లేటు ఖాళీ చేసింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. బజ్జీ కారమని చెప్పాను. రెండు బజ్జీలతో కలిపి ప్లేటు నలభై రూపాయలు.

మరి ఉత్త డబ్బా ఎందుకు మోసుకొచ్చావని అడిగాను.

"మీ నాయన తినొద్దా? ఆయప్ప మాత్రం ఈడ ఎప్పుడు తిన్యాడు?" అంటూ దాన్ని వంటామె చేతికిచ్చింది.

సాయంత్రం నాన్న రెండు ముద్దలు తిని, నీ చేతి ఉగ్గాని మాదిరి లేదే అన్నాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆమెకు ఖర్చంటే కష్టమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇంట్లో ఒకరిని వదిలేసి తినడమే కష్టమని ఇప్పుడు తెలిసింది.

వెళ్లేవాళ్లకు ఒక మాట: పదకొండు దాటితే ఉగ్గాని అయిపోతుంది, ముందే వెళ్లండి. ఒక ఉత్త డబ్బా కూడా తీసుకెళ్లండి. అంగడి చూసుకుంటూ ఇంట్లో ఆగిపోయినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు.