పరశురాములు విరవని నంబరు

అంకె కనబడితే దాన్ని భాగించి ముక్కలు చేయకుండా వదలడు పరశురాములు. దారాలను సమాన కట్టలుగా పంచి, ముడులేసి, రంగులో ముంచి చీరలు నేసే పనిలో ముసలివాడయ్యాడు. కట్టకు చేరని దారం ఒక్కటి మిగిలినా నిద్రపట్టదు. ఆ జబ్బు మగ్గం దిగి వీధిలోకీ వచ్చింది. భార్య మల్లీశ్వరి పచ్చిమిరపకాయలకు పంపితే, నార్కట్‌పల్లి చౌరస్తాలో పొద్దుగూకేదాకా లారీల నంబర్లు విడదీసి ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. "ఇయ్యాల ఒక్కటే మొండిది దొరికింది" అన్నాడు సంతోషంగా. దేనితోనూ విడిపోని సంఖ్య ఆయన భాషలో మొండిది.

సర్పంచు కొత్త కారుకు నాలుగు తొమ్మిదుల నంబరు పట్టుబట్టి తెచ్చుకుని, యాదగిరిగుట్టలో పూజ చేయించాడు. అందరూ మెచ్చుకుంటుంటే పరశురాములు నిమ్మకాయల పక్కన వంగి చూశాడు.

"మూడుతోటి రెండుసార్లు పోతది, పదకొండుతోటి పోతది. ముట్టుకుంటె ముక్కలైతది, సర్పంచు సాబ్."

ఒక్క అబద్ధమాడితే పులిహోర దక్కేది. ఆడలేదు.

ఏ మూడంకెలైనా రాసి, పక్కన మళ్లీ అవే రాస్తే, ఆ సంఖ్య ఏడు, పదకొండు, పదమూడులతో తప్పక విడిపోతుందని టీ బండి దగ్గర వచ్చినవాడికల్లా చేసి చూపించేవాడు. పక్కింటి సతీశ్ అది వినీ వినీ విసిగిపోయాడు.

సతీశ్ దొరికిన పుస్తకమల్లా చదివాడు. సర్కారు కొలువు పరీక్ష మాత్రం మూడుసార్లు తప్పి, లోకం మీద అలిగి కూర్చున్నాడు. నాలుగోసారి హాల్‌టికెట్ వచ్చింది. రేపే పరీక్ష. పోనంటే పోనన్నాడు. తల్లి సత్తమ్మ పొద్దటినుంచీ అన్నం ముట్టలేదు. సతీశ్ ఆ హాల్‌టికెట్ తెచ్చి పరశురాములు ముందు పడేశాడు.

"గిది గూడ ఇరగ్గొట్టు కాకా. నేనెట్లాగూ ముక్కలైనోన్నే."

పరశురాములు ఎన్నడూ లేనంతసేపు చూశాడు.

"గిది మొండిది, బిడ్డా. దేనితోటీ ఇరగది. పోయి రాసిరా."

సర్పంచుకే అబద్ధం చెప్పని మనిషి మాట. తెల్లారి సతీశ్ నల్లగొండ బస్సెక్కాడు.

పరీక్ష హాలులో నంబరు గళ్లు నింపాడు. నాలుగు, ఐదు, ఏడు. మళ్లీ నాలుగు, ఐదు, ఏడు. పెన్ను ఆగింది. టీ బండి దగ్గర వినీ వినీ విసిగిన లెక్క ఇప్పుడు తట్టింది. అంకెల విషయంలో, ఆ మనిషి, తన కోసం అబద్ధమాడాడు. నవ్వు ఆపుకోలేక దగ్గితే, కాపలా ఉన్న మేడమ్ నీళ్లు తాగమంది. అలిగిన మొహం ఇంకా నవ్వుతుండగానే ప్రశ్నపత్రం తెరిచాడు.

పరీక్ష ముగించి బయటికొస్తే, వెనక బస్సులో వచ్చిన పరశురాములు గేటు దగ్గర ఆటోల నంబర్లు చూస్తూ నిలబడ్డాడు.

"ఎట్ల రాసినవ్‌రా?"

"మంచిగనే రాసిన. గని కాకా, నా నంబరు ఏడుతోటి పోతది."

పరశురాములు ఆటోలకేసే చూశాడు. ఊరుకుందామనే చూశాడు పాపం. సగం విడదీసి వదిలిన సంఖ్యను ఓర్చుకోవడం ఆయన వల్ల కాలేదు.

"పదకొండుతోటి, పదమూడుతోటి గూడ పోతది" అని గొణిగాడు. "ఆఖరికి మిగిలే నాలుగు వందల యాభై ఏడు మాత్రం మొండిదే. ఒట్టు."

సతీశ్ నార్కట్‌పల్లి దాకా బస్సులో భాగించుకుంటూ వచ్చాడు. నిజంగానే మొండిది.