ఒళ్లు విదిలించని ట్యాంకు

కొండాపూర్ పోచమ్మ జాతరలో ఇరవై ఏళ్లు మేకలు కోసిన చెయ్యి మొగిలిది. పసుపు నీళ్లు చల్లాక మేక ఒళ్లు విదిలిస్తేనే కత్తి ఎత్తేవాడు. అది ఒప్పుకున్నట్టు లెక్క. విదిలించకపోతే ఎవరు తిట్టినా చెవిన వేసుకోకుండా అలాగే నిలబడేవాడు. ఒట్టి మొండిఘటం.

తొంభై ఎనిమిదిలో, పొలాల్లో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో, గచ్చిబౌలి పక్కన మా మందుల షెడ్డులో చేరాడు. నేనక్కడ స్టోరు చూసుకునేవాణ్ణి. మనిషిలో ఇన్సులిన్ తయారుచేసే జన్యువును కంటికి కనపడని బాక్టీరియాలో పెట్టి, వాటిని కోట్లకొద్దీ పెంచి, పగలగొట్టి మందు తీయాలని మా కంపెనీ నడిపే నాగేశ్వరి మేడం ప్రయత్నం. మిగిలిన నీళ్లను ట్యాంకులో పట్టి, అందులో బతికున్నవి మోరీలోకి పోకుండా ఆవిరితో చంపాలి. ఆ ఆవిరి వాల్వు తిప్పడమే మొగిలి పని.

"దాంట్ల మనిషిది జర ఉంది గద సారు. అడగకుంట ఎట్ల సంపుత?" అన్నాడొకసారి. ట్యాంకు మీద పసుపు నీళ్లు చల్లేవాడు. నీళ్లు కలిపే మోటారు వేయగానే ట్యాంకు గడగడలాడేది. అప్పుడు తిప్పేవాడు. మేమంతా నవ్వుకునేవాళ్లం.

అతని కూతురు పింకీకి పదకొండేళ్లు, చక్కెర జబ్బు. విదేశంలో అలాంటి బాక్టీరియా చేసిన ఇన్సులిన్ సీసాలు కంపెనీయే ఇప్పించేది. ఉద్యోగం పోతే సీసా లేదు, సీసా లేకపోతే పిల్ల లేదు.

ఒకరోజు కొత్త మోటారు బిగించారు. చప్పుడు లేదు, ట్యాంకు కదల్లేదు. మొగిలి నీళ్లు చల్లి గంటసేపు నిలబడ్డాడు.

"తిప్పుతావా, రేపటి నుంచి మానేస్తావా?" అన్నారు మేడం.

"అది ఒప్పుకోలేదమ్మా."

"అయితే మానెయ్యి."

మొగిలి తిప్పాడు. అతని ముఖం చూసి నాకు భయమేసింది.

ఆ సాయంత్రం సీసా ఇవ్వడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. పింకీ సూది తనే వేసుకుంటుంది. రెండేళ్లుగా కన్నైనా ఆర్పని పిల్ల, సూది దిగగానే మెడ నుంచి మడమల దాకా ఒళ్లు విదిలించింది.

"ఏందే బిడ్డా?" అన్నాడు మొగిలి.

"ఏం లేదు నాయినా. ఎవరో సల్లటి నీళ్లు సల్లినట్టయింది."

మొగిలి తన చేతులు చూసుకున్నాడు. గోళ్లలో పసుపు ఇంకా పోలేదు. మెల్లగా లేచి, ఆ చేతులు వెనక్కి దాచుకుని, కూతురికి దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.