వెనక పలక మీది పువ్వులు

ఆ బండి వెనక పలక మీద పువ్వులు వేసింది మా ఆవిడ. పదేళ్ల కిందట నలుగురిలో చెప్పాల్సిన ఈ మాట నేను చెప్పలేదు. మొన్న ఆదివారం ఊళ్లోని చిన్న మ్యూజియంలో అదే బండి కనబడింది. అక్కడి గైడు, రంగులన్నీ యజమానే వేసుకున్నాడని మా అమ్మాయికి వివరిస్తుంటే, మా ఆవిడ పక్కనున్న గుర్రపు జీను వైపు వెళ్లిపోయింది.

చికాగో దగ్గర ఈ నేపర్‌విల్‌లోనే మా పక్కింటి పెద్దాయన, తన తాత హాలెండ్ నుంచి ఓడలో తెప్పించుకున్న పొలంబండిని గరాజ్‌లో బాగుచేస్తుండేవాడు. బండంటే బరువు మోసేదనుకునే నాకు ఆ పనితనం వింతగా తోచేది. చక్రాల్లోని చెక్క ఆకుల అంచుల్ని ఉలితో వాలుగా చెక్కి, బలం తగ్గకుండా బరువు తగ్గించి, చెక్కిన చోటల్లా ఎర్రరంగు పూశారు. పక్క పలకలు పడవలా వంపు తిరిగి ఉండేవి. అసలు సొగసంతా వెనక పలకది. ఆదివారం చర్చికి పోయేటప్పుడు వెనక వచ్చేవాళ్లకి కనబడేది అదేనట. దాని మీద చెక్కిన తీగ నిలిచింది గానీ పువ్వుల రంగు చెరిగిపోయింది. పెద్దాయనకేమో చేతులు వణుకు.

ఒక సాయంత్రం మా ఆవిడ, ముగ్గుకి పెట్టినట్టే సుద్దముక్కతో పలక మీద అటూ ఇటూ సమంగా చుక్కలు పెట్టి, పొడుగు కుంచె అందుకుని, మొదట నొక్కి చివర తేల్చి, ఒక్క ఊపులో ఒక రేక వేసింది. పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, "మా తాత చూసుంటే నిన్ను పనిలో పెట్టుకునేవాడమ్మా" అన్నాడు.

పని అన్న మాటకే నాకు భయం వేసింది. ఆవిడది నా ఉద్యోగం మీద వచ్చిన హెచ్-ఫోర్ వీసా. ఉద్యోగం చేయకూడదు, చేసినట్టు కనబడినా ముప్పేనని మనలో ఎంతమందిమి భయపడుతూ బతికామో మీకు తెలుసు. ఆ వేసవి ఊరి ఊరేగింపులో బండిని చూసి ఒక పత్రికావిడ ఈ పువ్వులెవరు వేశారని అడిగితే, పెద్దాయన నోరు తెరిచేలోపే, ఆయనేనని నేను చెప్పేశాను. ఆయన నా మొహం చూసి ఊరుకున్నాడు.

కార్‌లో మా ఆవిడ, "పువ్వు వేశానని చెప్పడానికి కూడా వర్క్ పర్మిట్ కావాలాండీ?" అంది.

"పేపర్‌లో పడితే వీసాకి ప్రాబ్లమ్ అవుతుంది, నీకు తెలీదు" అన్నాను. ఆ తర్వాత ఆవిడ కుంచె ముట్టలేదు.

ఇప్పుడు మాకు గ్రీన్‌కార్డులున్నాయి, ఆవిడకి ఆఫీసుంది, పెద్దాయన లేడు. ఏ భయం కోసం అబద్ధమాడానో ఆ భయమూ లేదు. ఆ చేతి ఊపు మాత్రం తిరిగి రాలేదు.

మ్యూజియంలో గైడు ముందుకి నడవబోతుంటే ఆపి, అవి మా ఆవిడ వేసినవని చెప్పాను.

"మమ్మీ, రియల్లీ నువ్వేనా?" అంది మా అమ్మాయి.

మా ఆవిడ వెనక్కి వచ్చి పలక వంక చూసింది. "ఎడమ పక్క రేక కొంచెం వంకర పోయింది. అది కూడా చెప్పండి."

"చెప్తాను," అన్నాను, "ఆ రోజు నీ పేరు చెప్పనందుకు నన్ను క్షమించు."