రెండు తుపాకులు, ఒక పోపుల డబ్బా

దేశం కాని దేశంలో, టూంగాబీ అనే ఊళ్లో మా ఇంట్లో ప్రతి శనివారం ప్రార్థన కూటం జరిగేది. పాటలు, వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత అందరికీ భోజనం. దేవుడు మాకు ఇల్లిచ్చాడు, ఆ ఇంటి నిండా మన మాట మాట్లాడే మనుషుల్నీ ఇచ్చాడు. అందుకు నాకు ఇప్పటికీ కృతజ్ఞతే. అయినా ఆ శనివారాలు తలుచుకుంటే ముందుగా నా ముక్కుకి తగిలేది కోడికూర వాసన కాదు, తుపాకీ నూనె వాసన.

తొంభైల మొదట్లో మా ఆయనా, కూటానికి వచ్చే ఒక ఇంజనీరూ ఒకే రకం తుపాకులు చెరొకటి కొన్నారు. కొండల అవతల ఒక రైతు, కుందేళ్లు పొలం తినేస్తున్నాయి, వచ్చి కాల్చుకోండని వీళ్లను పిలిచేవాడు. అవి ముక్కలుగా విడిపోయే తుపాకులు. గొట్టం ఊడుతుంది, భుజానికి ఆనించే చెక్క ఊడుతుంది, తూటాను లోపలికి నెట్టి వెనక నుంచి మూసిపట్టే బోల్టూ ఊడుతుంది. ఇక వాళ్ల సరదా చూడాలి. పెళ్లికి వెళ్లే తోడికోడళ్లు గొలుసులు మార్చుకున్నట్టు ఒకరి చెక్క ఒకరు, ఒకరి దుర్భిణి ఒకరు మార్చుకునేవాళ్లు.

"చెక్క ఎవరిదైనా ఫర్వాలేదట. బోల్టు మాత్రం దాని గొట్టంతోనే ఉండాలట. మారితే షాపులో గేజి పెట్టి సందు కొలిచి, సరే అన్నాకే కాల్చాలట. లేకపోతే తూటా వెనక్కి చీలి కంట్లో కొడుతుందట," అని కొన్నరోజే మా ఆయన నాకు చెప్పారు. షాపతను ఇద్దరినీ నిలబెట్టి మరీ చెప్పాడట. నేను బడికి వెళ్లినదాన్ని కాదు, ఇంట్లోనే నాన్న దగ్గర చదువుకున్నాను. విన్నమాట మనసులో పెట్టుకోవడం నాకు అక్కడ అబ్బిందే. పైగా ఆ మాట మరిచిపోయే వీలు నాకెక్కడిది? మా ఆయనకు చిన్నప్పుడు జబ్బు చేసి ఎడమ కన్ను పోయినంత పనైంది. చదువూ, ఉద్యోగమూ, కారు నడపడమూ అన్నీ కుడి కంటితోనే. తుపాకీకి ఆనించేదీ ఆ కన్నే.

ఒక శనివారం భోజనాలయ్యాయి. అందరూ వెళ్లారు, ఇంజనీరు ఉండిపోయాడు. అప్పటిదాకా బైబిళ్లున్న బల్ల మీద పేపరు పరిచి రెండు తుపాకులూ విప్పారు. చెక్క సందులో పోయినసారి కుందేలు వెంట్రుకలు రక్తంతో అంటుకుపోయి ఉంటే, నా కూరగాయల కత్తి తీసుకుని గీకాడు అతను. చిన్న చిన్న ముక్కలు దొర్లిపోతున్నాయని అటూ ఇటూ చూసి, గట్టు మీది పోపుల డబ్బా అందుకున్నాడు. ఆవాలూ జీలకర్రా పళ్లెంలోకి బోర్లించేశాడు.

"అన్నయ్యగారూ, అది పోపుల డబ్బా!"

"కడిగిచ్చేస్తాలే చెల్లెమ్మా. లిక్విడ్ వేసి రెండుసార్లు తోమితే నీట్ అయిపోద్ది. చూడు బ్రదర్, గిన్నెలు గిన్నెలుగా ఎంత కన్వీనియెంటో!"

ఆవాల గిన్నెలో స్ప్రింగులు. మెంతుల గిన్నెలో పిన్నులు. మధ్య గిన్నెలో నల్లగా జిడ్డోడుతున్న గుడ్డ. మూతలో రెండు బోల్టులూ పక్కపక్కన. ఆ డబ్బా మళ్లీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు నేను.

తుడవడం అయ్యాక మా ఆయన ఒక బోల్టు తీసి తిప్పి చూశారు. "బ్రదర్, ఇందులో నాదేది?"

"ఏదైతే ఏంటి? సేమ్ కంపెనీ, సేమ్ మోడల్. కవలపిల్లల చొక్కాలు, ఎవరిది ఎవరికేసినా పడుద్ది."

"కొలిపించాలన్నాడు కదండీ షాపతను," అన్నాను.

"చెల్లెమ్మకి మన మీద నమ్మకం లేదు బ్రదర్. దేవుడి మీదన్నా ఉందో లేదో! సాటర్డే ఆఫ్టర్‌నూన్ షాపెవడు తీస్తాడు? అక్కడ ఫార్మర్ వెయిట్ చేస్తుంటాడు, పద."

నేను మా ఆయన్ని పక్కగదిలోకి పిలిచి, "మీకున్నది ఒక్క కన్ను," అన్నాను.

"పట్టిందే, ఇదిగో చూడు," అని ఆ బోల్టును తన తుపాకీలోకి తోసి టక్కున మూసి చూపించారు. పట్టినంత మాత్రాన చాలదని నాకు చెప్పింది ఆయనే. కానీ గుమ్మంలో స్నేహితుడు నిలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు ముందు ఆయనకు ఆ మాట గుర్తు రాలేదు.

రాత్రి పొద్దుపోయాక తిరిగొచ్చారు. మొదటి తూటాకే వెనక ఇత్తడి డొప్ప చీలి, వేడిగాలీ లోహపు పొడీ మొహాన కొట్టాయట. మా ఆయన కుడి చెంప నిండా నల్లటి చుక్కలు. కళ్లజోడు కుడి అద్దం గీతలు పడి తెల్లబారిపోయింది. దారిలో ఆసుపత్రిలో కన్ను కడిగి చూసి, చూపుకి ఏమీ కాలేదన్నారట. నేను స్నానాలగది తలుపేసుకుని మోకరించాను. స్తోత్రం స్తోత్రం అని మాత్రం అన్నాను.

తర్వాతి కూటంలో ఇంజనీరు సాక్ష్యం చెప్పడానికి లేచాడు. "సాతాను మా బ్రదర్ కన్ను తియ్యాలని చూశాడు. ప్రభువు అడ్డుపడ్డాడు. అందరూ హల్లెలూయా చెప్పండి!"

అందరూ చెప్పారు. నేను పాటల పుస్తకాలు పోగుచేస్తూ కూర్చున్నాను. దేవుడు కాపాడాడు, అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. కానీ తన అశ్రద్ధనంతా సాతాను నెత్తిన రుద్ది, దాన్ని కాచుకోవడం దేవుడి వంతు చేసి, చప్పట్లు కొట్టించుకుని కూర్చున్నాడే, అది చూస్తే కుందేలు రక్తం చూసినప్పటికన్నా ఎక్కువ రోత పుట్టింది.

భోజనాల దగ్గర ఇంజనీరు మా ఆయన భుజం తట్టాడు. "కొత్త అద్దాలు వచ్చేశాయిగా బ్రదర్. నెక్స్ట్ వీక్ వెళ్దామా?"

"నా తుపాకీ షాపులో ఇచ్చాను. నీదీ పట్టుకెళ్లు. ఆ రెండో బోల్టు నీ దాంట్లోనే ఉంది. కొలిచేదాకా నేను రాను."

"చెల్లెమ్మ గట్టిగా క్లాసు పీకిందేంటి?"

"తను ముందే చెప్పింది, నేను వినలేదు," అన్నారు మా ఆయన, అన్నం కలుపుతూ. "సాతాను సంగతి నాకు తెలీదు బ్రదర్. బోల్టు పెట్టింది మాత్రం నేనే."

నలుగురూ వింటుండగా అన్నారు ఆ మాట. ఆ కంటికి చేసినంత స్తోత్రం ఆ మాటకీ చేసుకున్నాను మనసులో.

ఇంజనీరు పెద్దగా నవ్వేసి, "కూర అదిరింది చెల్లెమ్మా," అంటూ పళ్లెం నా ముందుకు చాపాడు. అతిథి కదా, వడ్డించాను. మొహం చూడబుద్ధి కాక, పళ్లెం వైపే చూస్తూ వడ్డించాను.