చెయ్యి అడ్డం లేని ఫోటో

మా అక్క పోయాక, చిన్నకర్మ అయిన మర్నాడు, ఫ్లెక్సీ షాపతను ఫోన్ చేసి "మంచి ఫోటో ఒకటి పంపించండమ్మా" అన్నాడు. మా అక్కకి మంచి ఫోటో ఎక్కడిది?

మా పల్నాడులో మనిషి పోతే పెద్దకర్మకి ఫ్లెక్సీ కట్టాల్సిందే. ఊరి మొదట్లో ఒకటి, ఇంటి ముందు ఒకటి. బతికున్నన్నాళ్ళూ బజార్లో తల దించుకుని నడిచిన ఆడమనిషి కూడా పోయాక మనిషెత్తు మొహంతో రోడ్డు మీద నిలబడుతుంది. మా బావ దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలకి లారీ తిప్పుతాడు. కార్యానికి సాటి లారీల వాళ్ళంతా వస్తారు. అందరూ మొదట చూసేది ఆ ఫోటోనే.

బావ బీరువాలోంచి అక్క ఆధార్ కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. అందులో అక్క పెదాలు బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసుకుని, ఎవరో తిడుతుంటే పడుతున్నట్టు ఉంది.

"ఇదే పెద్దది చేపిద్దాంలే అమ్మాయ్" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఛీ, అదేం ఫోటో బావా! దొంగని పట్టుకుని తీసినట్టుంది. అక్క అట్టా ఉంటదా?" అన్నాను. చావింట్లో కూడా నా నోరు ఊరుకోదు, ఏం చెయ్యను. బావ కార్డు నా దగ్గరే వదిలేసి బయటికెళ్ళిపోయాడు.

అందరి ఫోన్లూ వెతికాను. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, నా కూతురి ఓణీల ఫంక్షన్, అన్నిట్లోనూ అక్క ఉంది. ఉండి ఏం లాభం? ఒకదాంట్లో పెదాలు బిగించి ఉంది, ఇంకోదాంట్లో నోటికి చెంగు అడ్డం, మరోదాంట్లో చెయ్యి అడ్డం. మా పుట్టినూరి ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి పెరిగిన పళ్ళు మావి. ఇద్దరివీ గోధుమరంగు చారలు పడి ఉంటాయి. నేను పట్టించుకోను, నా నోరు మూతపడితే కదా దాచుకోవడానికి. అక్క అలా కాదు. నవ్వొస్తే ముందు చెయ్యి లేచేది, తర్వాతే నవ్వు. అది దాని తత్వమని అనుకునేదాన్ని.

అయితే అక్క నోరారా నవ్విన ఫోటో ఒకటి ఉందని నాకు తెలుసు. ఎందుకంటే తీసింది నేనే.

చాలా ఏళ్ళ కిందట బావ లోడు వేసుకుని ఒడిశా వైపు పోయినప్పుడు, మేమిద్దరం మాచర్ల బస్సెక్కి ఎత్తిపోతల జలపాతం చూడ్డానికి పోయాం. ఫోన్లలో కెమెరాలు సరిగ్గా లేని రోజులవి. బావ ముచ్చటపడి కొనుక్కున్న చిన్న డిజిటల్ కెమెరాని అక్క పట్టుచీరలా గుడ్డలో చుట్టి తెచ్చింది. అక్కడ నేను పులిహోర పొట్లం విప్పానో లేదో, ఒక కోతి వచ్చి లాక్కుపోయింది. నేను ఊరుకుంటానా? "ఒరేయ్, ఇటివ్వరా! నీ అబ్బ సొమ్మనుకున్నావా!" అని దాని వెంట పడ్డాను. అది చెట్టెక్కి కూర్చుని నా వంకే చూస్తూ తినడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగితే అక్క రెండు చేతుల్తో పొట్ట పట్టుకుని పగలబడి నవ్వుతోంది. చేతులు రెండూ పొట్ట మీదే ఉన్నాయి. పళ్ళన్నీ కనబడుతున్నాయి. చటుక్కున కెమెరా అందుకుని నొక్కేశాను. కొత్త లారీ ఫోటోలు కడిగించడానికి బావ మెమరీ కార్డు తీసుకుపోయాడు కాబట్టి ఆ ఫోటో కెమెరా లోపలే ఉండిపోయింది. "వైరు పెట్టి తీయిద్దాంలే" అనుకున్నాం. ఆ తీయించడం మాత్రం ఎప్పటికీ కాలేదు. అక్క తలలో నరం చిట్లి, గుంటూరు చేరేలోపే దారిలో పోతుందని ఎవరనుకున్నారు?

కెమెరా దేవుడి అలమరలో, అగరొత్తుల పెట్టె వెనకాల దొరికింది. బటన్ నొక్కాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. గట్టిగా నొక్కాను. నొక్కి పట్టుకున్నాను. అరచేత్తో రెండు తట్టాను, మొండి రేడియోని తట్టినట్టు. చార్జర్ వెతకడానికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి బావ పాత పనిముట్ల డబ్బాలో దొరికితే, బ్యాటరీ పెట్టి రాత్రంతా చార్జింగులో ఉంచాను. ఎర్రలైటు వెలిగింది కూడా. మళ్ళీ కెమెరాలో వేసి నొక్కితే అదే కథ.

ఇక లాభం లేదని పిడుగురాళ్ళ బస్సెక్కాను. అక్కడ పాతకాలపు స్టూడియో ఒకటుంది. అతను తన దగ్గరున్న అలాంటి బ్యాటరీ ఒకటి వేసి చూశాడు. ఊహూఁ. "బోర్డు పోయిందమ్మా, పారెయ్యండి. ఇప్పుడు ఇయ్యెవరు వాడతన్నారు?" అన్నాడు.

"పారేసేదైతే బస్సెక్కి నీ దాకా ఎందుకొస్తానయ్యా? లోపల మా అక్క ఉంది" అన్నాను. అనేశాక నాకే ఏడుపొచ్చింది. అతను పాపం గాభరాపడి, ఆ బ్యాటరీ అందులోనే ఉంచి, ఇంటి దగ్గర ఇంకోసారి చూసుకుని తర్వాత తెచ్చిమ్మన్నాడు.

ఇంటికొచ్చి, మధ్యాహ్నం అందరూ భోజనాలు చేసి నడుం వాల్చాక, వసారాలో కూర్చుని బ్యాటరీ మూత తెరిచాను. ఫోను లైటు వేసి గూట్లోకి చూశాను. అడుగున రేకు ముక్కలుంటాయి కదా, బ్యాటరీకి ఆనేవి, వాటి మీద పసుపుపచ్చగా ఏదో పేరుకుని ఉంది. అగ్గిపుల్లతో గీరితే పొడి రాలింది. దాని నడుమ ఎర్రటి చుక్క. పసుపూ కుంకుమా!

నాకు వెంటనే అర్థమైంది. లారీలున్న ఇళ్ళల్లో దసరాకి ఆయుధపూజ గట్టిగా చేస్తారు. లారీకి, జాకీకి, పానాలకి, అన్నిటికీ బొట్లు పెడతారు. ఆ వరసలో అక్క కెమెరాని కూడా కూర్చోబెట్టేది. ఒక దసరాకి నేనక్కడే ఉన్నాను. కెమెరా బ్యాటరీ మూత తీసి లోపల వేలు పెడుతుంటే "ఏం చేస్తన్నావే?" అని అడిగాను. "ఏమే, లారీకి ఇంజనుకి పెడతాం గదా, దీనికి లోపల పెట్టకపోతే ఎట్టా?" అంది. తడి పసుపు రాసి, దాని మీద కుంకుమ అద్దింది. తర్వాత అందరికీ ఫోన్లొచ్చి కెమెరాని ఎవరూ ముట్టుకోకపోయినా, అక్క మాత్రం ఏటేటా దాని లోపల బొట్టు పెడుతూనే ఉన్నట్టుంది. పొర మీద పొర. కెమెరా చల్లగా ఉండాలని పెట్టీ పెట్టీ దాని నోరు కట్టేసింది పిచ్చిమొహంది! నవ్వొచ్చింది. ఇది చెప్పుకుని నవ్వుకోవాలంటే అక్కే ఉండాలి.

పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి తుడిచాను. పిల్లల రబ్బరు సన్నగా కోసి రేకులు మెరిసేదాకా రుద్దాను. ఆరనిచ్చి, బ్యాటరీ వేసి, కళ్ళు మూసుకుని నొక్కాను. గుర్రుమని లెన్సు బయటికొచ్చింది. తేదీ, టైము పెట్టమని అడిగింది. "నీ తేదీ తగలెయ్య, ముందు ఫోటో చూపించు" అని దాటేశాను.

ఉంది. అక్క ఉంది. రెండు చేతులూ పొట్ట మీద, తల వెనక్కి వాల్చి, చారల పళ్ళన్నీ ఎండలో పెట్టి నవ్వుతూ ఉంది. ఎంత బాగుందో! ఇంత అందగత్తె పక్కన ఇన్నేళ్ళు తిరిగి, ఒక్కసారైనా ఆ మాట దానితో అన్నానా?

బావ ఇంటి ముందు ఆపిన లారీలో కూర్చుని ఉన్నాడు. అక్క పోయినప్పటి నుంచి పగలంతా ఆ సీట్లోనే. మెట్టెక్కి కెమెరా చేతికిచ్చి, "ఇదిగో బావా, ఫ్లెక్సీ ఫోటో. రోడ్డున పోయేవాళ్ళంతా ఆగి చూడాల" అన్నాను.

అతను చాలాసేపు చూశాడు. తువ్వాలుతో స్క్రీను తుడిచి మళ్ళీ చూశాడు.

"ఇదెప్పుడు?"

"నువ్వు ఒడిశా పోయినప్పుడు."

"ఈ నవ్వు నేను ఎప్పుడూ చూడలా."

"అదేంది బావా, ఇంట్లో నవ్వేదే గదా!"

"చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది." తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "పెళ్ళయిన కొత్తలో, మా వాళ్ళంతా ఉన్నప్పుడు, 'నవ్వబాకే తల్లీ, నీ పళ్ళు చూసి పిల్లలు జడుసుకుంటారు' అన్నా. సరదాకే అన్నా. అందరూ నవ్వారు. అదీ నవ్వింది. అదుగో, అప్పుడే మొదటిసారి చెయ్యి అడ్డం పెట్టుకుంది."

చిన్నప్పటి అక్కని గుర్తు చేసుకున్నాను. చింతచెట్టు కింద, బడి దారిలో, అమ్మ తిట్టినప్పుడు. ఎక్కడా దాని నోటికి చెయ్యి అడ్డం లేదు.

నోటికొచ్చిన తిట్టు తిడదామనుకున్నాను బావని. ఏడుస్తున్న మనిషిని తిట్టలేకపోయాను.

"సరేలే బావా, ఇప్పుడేం చేస్తాం. షాపుకి ఇదే పంపిద్దాం" అన్నాను.

కెమెరా నా చేతిలో పెట్టేశాడు. "వద్దమ్మాయ్. ఇది నువ్వుంచుకో. వాళ్ళకి ఆధార్ కార్డుదే ఇవ్వు. నాతో కాపరం చేసింది ఆ కార్డులో మనిషే."