యముడు వచ్చే కిటికీ

మీ ఇంట్లోకి గాలి ఎటునుంచి వస్తుందో మీకు తెలుసా, లేక అదీ వాస్తు పండితుణ్ణే అడగాలా?

కలకత్తాలో గాలి దక్షిణం నుంచి వస్తుంది. వేసవి సాయంత్రం ఆ గాలి తగిలే ఇంటిని ఇక్కడివాళ్ళు ‘దొఖిన్ ఖోలా’ అంటారు. ఫ్లాటు కొనేవాడు ముందు అడిగేది అదే. ఆర్కిటెక్చర్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు నేను చెప్పే మొదటి పాఠమూ అదే. ఇన్నేళ్ళలో ఆ పాఠం బుర్రకెక్కని విద్యార్థిని చూడలేదు. పరీక్షకులను మాత్రం చూశాను.

ఈమధ్య చివరి ఏడాది జూరీ జరిగింది. పిల్లలు తమ డ్రాయింగులు గోడకు అంటించి మా ముందు నిలబడే పరీక్ష అది. హౌరాలోని టికియాపారా నుంచి వచ్చే ఒక తెలుగమ్మాయి పారిశుద్ధ్య కార్మికులకు క్వార్టర్లు గీసింది. వాళ్ళ అమ్మానాన్నలది ఆ పనే. ప్రతి గదికీ దక్షిణాన పెద్ద కిటికీ పెట్టింది. బయటి పరీక్షకుడు హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడి సాల్ట్ లేక్‌లో స్థిరపడిన ఆర్కిటెక్టు, అద్దాల ఆఫీసులు కట్టే పెద్దమనిషి. ఆ డ్రాయింగులు చూసి పెదవి విరిచాడు.

“మనోళ్ళ పిల్లవే కదమ్మా. దక్షిణం యమస్థానమని ఇంట్ల ఎవరూ చెప్పలేదా? కిటికీలన్నీ ఉత్తరానికి తిప్పుకొని రా, పాస్ చేస్త.”

“మేముంటున్న గదికి ఏ పక్కనా కిటికీ నేదు సార్. మరి మా తాతని పట్టుకుపోయిన యముడు ఎటేపు నుంచి వచ్చినాడేటి?”

నా పక్కనున్న బెంగాలీ సహోద్యోగి ఆ అమ్మాయి ఏమన్నదని అడిగితే చెప్పాను. ఆయన నవ్వాపుకుని పెద్దమనిషి వైపు తిరిగాడు.

“దాదా, మీ ఫ్లాటు దక్షిణం వైపే కదా? గృహప్రవేశం రోజు మీ బాల్కనీ వదిలి ఎవరూ భోజనానికి లేవలేదు.”

“అది వేరు. దానికి శాంతి చేయించినం.”

చూశారా శాస్త్రం? కలిగినవాడి బాల్కనీ దగ్గర యముడు మామూలు పుచ్చుకుని తప్పుకుంటాడట. వీధులూడ్చేవాళ్ళ కిటికీ దగ్గరికి వచ్చేసరికి నిక్కచ్చి అధికారి అయిపోతాడట. ఇలాంటి లంచగొండి దేవుణ్ణి నమ్మేవాడు పిల్లల తెలివికి మార్కులు వేస్తాడు.

నేను పాస్ చేశాను. ఆయన చెయ్యలేదు. ఆయన సంతకం లేనిదే ఆమెకు పట్టా రాదు కనుక వచ్చే వారం మళ్ళీ జూరీ పెట్టారు. ఆ అమ్మాయి ఒక్క కిటికీ కూడా తిప్పలేదు.

“తిప్పీసి మా అమ్మకి ఏటి చెప్పను సార్?” అంది.

మా జూరీకి ఎవరైనా రావచ్చు. వచ్చి వెనక వరసలో కూర్చోండి. ఆయన యముడి పేరు ఎత్తగానే లేచి, గాలి ఎటునుంచి వస్తుందో చెప్పమనండి. చెప్పేదాకా కూర్చోకండి.