తాండూరు బండల మిల్లులో కొత్త మాస్కులు

తొమ్మిదో తరగతికి పారిశ్రామికీకరణ పాఠం చెబుతుంటే సబీహా లేచి, "టీచర్, గిదంత ఇంగ్లండ్ల అయిందంటున్నరు. మన దగ్గర కాలేదా?" అని అడిగింది. జవాబు తరగతి గదిలో దొరకదనిపించింది. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, ఒక శనివారం పొద్దున్నే డజను మంది పిల్లలతో వికారాబాద్‌లో ప్యాసింజర్ రైలెక్కాను. టికెట్టుకు పెద్ద ఖర్చేమీ లేదు, గంట తిరక్కుండానే తాండూరు వచ్చేసింది. స్టేషన్ బయట ఆటోలు మాట్లాడుకున్నాం.

"బండల మిల్లుకా? పోరగాళ్లను తీస్కొనా?" డ్రైవర్ అద్దంలోంచి నన్ను పరీక్షగా చూశాడు. "పేపరోళ్లా మేడం?"

టీచర్నని చెప్పినా నమ్మినట్టు లేదు.

బండలు కోసి నునుపు చేసే ఆ మిల్లు యజమాని ఫోన్‌లో ముందే ఒప్పుకున్నాడు. అయినా గేటు దగ్గర సూపర్‌వైజర్ నా కార్డు తిప్పి తిప్పి చూసి, ఎవరితోనో మాట్లాడాకే లోపలికి వదిలాడు. లోపలికి వెళ్లాక అనుమానపడటం నా వంతయింది. నేలంతా అప్పుడే కడిగినట్టుంది. ఒక్క యంత్రం తప్ప అన్నీ ఆగి ఉన్నాయి. పనివాళ్ల ముఖాలకు తెల్లటి మాస్కులు, వాటి మడతలైనా పోలేదు.

బండలు పేరుస్తున్న ఒకామెను ఇంతకుముందు ఏం పని చేసేవారని సబీహా అడిగింది. ఆమెను అంజమ్మ అందాం, అసలు పేరు అది కాదు.

"కంది చేను ఉండె బిడ్డా. పక్కపొంటి గనులు తవ్విండ్రు. మా బాయి ఎండింది. ఎవుసం ఇడిసి ఈడికొచ్చిన."

"గీ మాస్కులు రోజూ ఇస్తరా అమ్మా?"

అంజమ్మ వంగి ఇంకో బండ అందుకుంది. సూపర్‌వైజర్ దగ్గరికి జరిగాడు. నేను సబీహా భుజం పట్టుకుని, "చాలు, పద" అన్నాను.

బయట టీ కొట్టు దగ్గర పిల్లలు నాకు దూరంగా నిలబడ్డారు. చివరికి సబీహానే, "మీరు గూడ వాళ్ల దిక్కేనా టీచర్?" అంది. 

"మనం రైలెక్కి పోతం. ఆమె రేపు మళ్ల గా గేట్లకెల్లే పోవాలె," అన్నాను. సబీహా ఒప్పుకోలేదు, తల తిప్పుకుంది.

భోజనాల వేళ అంజమ్మ టిఫిన్ డబ్బాతో బయటికి వచ్చింది. గేటు వైపు ఒకసారి చూసి సబీహా పక్కన కూర్చుంది.

"అడిగినవ్ గదా బిడ్డా. పొద్దుగాల ఇచ్చిండ్రు. మీరు పోయినంక వాపస్ తీస్కుంటరు."

పల్లెల నుంచి కూలీలు ఫ్యాక్టరీలకు 'తరలివెళ్లారు' అని పుస్తకంలో ఉంటుంది. ఇప్పుడు ఆ వాక్యం రాగానే, వాళ్లంతట వాళ్లే వెళ్లారా అని పిల్లలు ఆపుతున్నారు. పాఠం ముందుకు సాగడం లేదు. నాకు తొందరా లేదు. టీచర్లెవరైనా మీరూ పిల్లలను తీసుకెళ్తే, మిల్లు చూసిన వెంటనే తిరుగు రైలు ఎక్కకండి. భోజనాల వేళ దాకా బయట టీ కొట్టు దగ్గర ఆగండి, పనివాళ్ల ఫొటోలు తీయకుండా ఫోన్లు మాత్రం సంచుల్లోనే ఉంచండి.